కరెంటు ఉండీ నీళ్ళు లేని రోజు

గ్రేసీ నాచారంలో ఒక చిన్న డయాలసిస్ సెంటర్‌లో టెక్నీషియన్. తండ్రి అబ్బయ్య జనగామ వైపు నుంచి వచ్చి, మల్లాపూర్‌లో ఇనుము పోత పోసే కార్ఖానాలో పనిచేసి, ఆ పొగకే ఊపిరితిత్తులు పోగొట్టుకుని చనిపోయాడు. కూతురికి డిప్లొమా చదువు మాత్రం చెప్పించాడు. ఆసుపత్రి ఉద్యోగమంటే మనుషులు బాగై ఇంటికి పోవడం చూడొచ్చని గ్రేసీ అనుకుంది. డయాలసిస్‌లో అలా ఉండదు. కిడ్నీలు చెయ్యని పని మిషన్ చేసి పంపుతుంది, వాళ్ళే మళ్ళీ వస్తారు. ఒక రోజు ఎవరో ఒకరు రారు. ఆ మంచం మీదికి ఇంకొకరు వస్తారు.

బాలనర్సమ్మ అలా చాలాకాలంగా వస్తున్న మనిషి. ఉప్పల్లో ఒకప్పుడు వ్యవసాయం చేసిన కుటుంబం. భర్త హనుమాండ్లు స్కూటర్ మీద దించి, అయ్యేదాకా బయట బల్ల మీద కూర్చునేవాడు. ఈ జబ్బులో నీళ్ళు కొలిచి తాగాలి. ఆమెకు అదే పెద్ద బాధ. రాగానే, “దూపైతుంది బిడ్డా, ఒక్క ఐసు ముక్క పెట్టు” అని అడిగేది. గ్రేసీ చిన్న ముక్క నోట్లో పెడితే, కరిగిపోయేదాకా కళ్ళు మూసుకుని ఉండేది.

కిందటేడు మే నెలలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. చెట్లు తీగల మీద పడి కరెంటు పోయింది. సెంటర్లో జనరేటర్ ఉంది, డీజిల్ కూడా నిండా ఉంది. కాబట్టి ఎవరూ కంగారుపడలేదు. చిక్కు వేరేచోట వచ్చింది. డయాలసిస్‌కు నీళ్ళు చాలా కావాలి, వాటిని సెంటర్లోనే శుద్ధి చేసుకుంటారు. ఆ బిల్డింగు బోరు ఎండాకాలం మొదట్లోనే ఎండిపోయింది. ఆ రోజు రావాల్సిన నల్లా నీళ్ళు రాలేదు, ఎందుకంటే నీళ్ళు ఎక్కించే పంపులకూ కరెంటు లేదు. ట్యాంకర్ అతనికి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు, టవర్ బ్యాటరీలు అయిపోయాయి. వాచ్‌మన్ వానలో నడిచి వెళ్ళి చూసొచ్చాడు. ట్యాంకర్లన్నీ వరుసగా ఖాళీగా నిలబడి ఉన్నాయట. వాటిని నింపే మోటారుకూ కరెంటే కావాలి.

లోపల లైట్లు వెలుగుతున్నాయి, ఏసీ నడుస్తోంది, ట్యాంకులో నీళ్ళు మాత్రం అడుగంటాయి. డాక్టర్ ఉమామహేశ్వర్ మిషన్ల మీద ఉన్నవాళ్ళకు ముందుగానే ముగించమన్నాడు. మిగిలిన నీళ్ళు ఒక్కరికి, అదీ తక్కువసేపటికి సరిపోతాయి. ఎదురు చూస్తున్నది ఇద్దరు. పోచారంలో ఉద్యోగం చేసే సాయి కుమార్ అప్పటికే ఆయాసంతో కూర్చోలేకపోతున్నాడు. బాలనర్సమ్మకు కాళ్ళు వాచాయి గానీ మాట్లాడగలుగుతోంది. డాక్టర్ ఎవరి పేరూ చెప్పకముందే ఆమె గ్రేసీ చెయ్యి పట్టుకుంది.

“ఆ పిలగానికి పెట్టు బిడ్డా. నేను జర ఓర్సుకుంట.”

డాక్టర్ కూడా అదే సరైనదన్నాడు. బాలనర్సమ్మను తార్నాక వైపు ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని చీటీ రాసిచ్చాడు. అక్కడ మంచం ఉందో లేదో కనుక్కునే దారి లేదు. ఇక్కడ ఇవాళ మిషన్ నడవదని హనుమాండ్లుకు చెప్పి గ్రేసీ ఆటో పిలిచింది. ఆమెను ఎక్కించి, సాయి కుమార్‌కు సూది పెట్టడానికి లోపలికి పరుగెత్తింది.

హబ్సిగూడ దగ్గర సిగ్నళ్ళు పనిచెయ్యడం లేదు. నాలుగు వైపుల బండ్లూ ఒకదానికొకటి అడ్డంపడి కదలకుండా ఆగిపోయాయి. బాలనర్సమ్మ ఆ ఆటోలోనే, భర్త భుజం మీద తల పెట్టుకుని చనిపోయింది. మర్నాడు ఫోన్లు పనిచేశాక గానీ గ్రేసీకి తెలియలేదు.

పలకరించడానికి ఉప్పల్ వెళ్ళింది. ఇంటి వెనక ఖాళీ జాగాలో ఇంకా కొన్ని బర్రెలున్నాయి. కరెంటు అక్కర్లేని ఆయిల్ ఇంజన్ నడుస్తోంది, బోరు నీళ్ళు ధారగా తొట్లో పడుతున్నాయి. గ్రేసీ ఆ నీళ్ళ వైపే చూస్తూ నిలబడిపోయింది. గాలివాన రోజు కూడా ఇది నడిచిందా అని అడిగింది.

“నడిచింది. బర్లకు నీళ్ళు తాపినంకనే ఆమెను తోలుకొచ్చిన” అన్నాడు హనుమాండ్లు. గ్రేసీ ఎందుకడిగిందో అప్పుడు అర్థమైంది అతనికి. “నీళ్ళు లేక ఆగిందా మిషను? నేను కరెంటుకనుకున్న. నీళ్ళని ఒక్క మాటంటే ట్రాక్టర్ల తెచ్చి పోస్తుంటి గద బిడ్డా.”

గ్రేసీకి చాలా రోజులు అన్నం సహించలేదు. డాక్టరూ ఆమే కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగారు. కరెంటు వాళ్ళు నీళ్ళ సంగతి మాది కాదన్నారు. నీళ్ళ వాళ్ళు కరెంటు లేకుంటే మేమేం చేస్తామన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. డాక్టర్ ఇంకో ట్యాంకు కట్టించాడు. గాలివాన సూచన ఉన్న రోజుల్లో పేషెంట్లను ముందురోజే పిలవాలని నిర్ణయించారు. దినాలయ్యాక గ్రేసీ మళ్ళీ ఉప్పల్ వెళ్ళి, అవసరం పడితే నీళ్ళిస్తారా అని అడిగింది.  హనుమాండ్లు సరేనని తల ఊపాడు.

ఈ ఏడు మళ్ళీ గాలివాన వచ్చింది. ఫోన్లను నమ్ముకోకుండా వాచ్‌మన్ సైకిల్ మీద ఉప్పల్ వెళ్ళాడు. ట్రాక్టర్ మీద నీళ్ళ ట్యాంకు వచ్చింది. ఆ రోజు ఎవరి డయాలసిసూ మధ్యలో ఆపలేదు. హనుమాండ్లు లోపలికి రాలేదు. గ్రేసీ ఇచ్చిన చాయ్ ట్రాక్టర్ పక్కనే నిలబడి తాగాడు. కొడుకులు ఆ జాగాను బిల్డరుకు ఇద్దామంటున్నారని అప్పుడే చెప్పాడు.

“నేనున్నన్ని దినాలు ఫికర్ లేదు. ఎనక సంగతి నాకు తెల్వది.”

ఇప్పుడు గ్రేసీ ఆదివారం చర్చి అయ్యాక, కరెంటు లేకున్నా నడిచే బోరు ఇంకెక్కడైనా ఉందేమోనని నాచారం గల్లీల్లో అడుగుతూ తిరుగుతోంది. ఒక ఫంక్షన్ హాలు వాళ్ళు కుదరదన్నారు. ఒక కార్ఖానా మేనేజర్ చూద్దామన్నాడు.