గాల్లో నిలబడ్డ పెట్టె

సన్యాసిరావు ఆరోజు బోర్డు ముందు పరువు పోగొట్టుకున్నది వాడి తొందరపాటు వల్లేనని మా బ్యాచ్ అంతా ఇప్పటికీ అనుకుంటోంది. కాదు, నా వల్ల. ఇన్నేళ్లూ ఆ మాట మింగి కూర్చున్నాను. ఆ ప్రళయం ఎలా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. నవ్వొస్తే నన్ను చూసే నవ్వండి, వాణ్ని కాదు.

యూనివర్సిటీలో మాకో గణిత పరిశోధన క్లబ్బు ఉండేది. పేరు పెద్దది, గది చిన్నది. ఫ్యాను తిరిగితే సుద్దపొడి, తిరక్కపోతే చెమట. అక్కడ ఒకటే కట్టుబాటు. ఎవరైనా తన నిరూపణతో బోర్డెక్కే ముందు ఇంకొకడు దాన్ని పగవాడిలా చదివి, పేజీ పేజీకీ ఎర్ర టిక్కు పెట్టాలి.

మల్కాపురం నుంచి వచ్చే సన్యాసిరావు పోర్టులో దొంతరలుగా పేర్చిన కంటైనర్ల మీద పడ్డాడు. అడుగున ఉన్న పెట్టె కావాలంటే మిగతావాటిని కనీసం ఎన్నిసార్లు కదపాలన్నది వాడి లెక్క. బయటినుంచి వస్తున్న ప్రొఫెసరుగారికి అది నచ్చితే వేసవి పరిశోధనకు తన వెంట తీసుకెళతారు. వాడి ప్రాణమంతా ఆ పిలుపు మీదే ఉంది. అందుకే పగవాడి పాత్ర ప్రాణస్నేహితుణ్నైన నాకిచ్చాడు.

"బావా, నువ్వైతే మొగమాటం నేకుండా సెప్తావు. బాగా సూడు."

చూశాను, రుషికొండ కెరటాలను! స్నేహితులు కేకేశారు. కాగితాలు సంచిలో, నేను నీళ్లలో. తిరుగు బస్సులో ఆ కట్ట ఒళ్లో పెట్టుకుని, పోస్టాఫీసులో ముద్రలు గుద్దినట్టు టకటకా టిక్కులు కొట్టేశాను. నమ్మకంగా ఉంటుందని ఒక పేజీ అడుగున 'తర్కం బలంగా ఉంది' అని కూడా రాశాను.

"ఏటి బావా, ఎక్కడైనా తేడా కొట్టిందా?" అని వాడు మర్నాడు అడిగాడు.

"నాను సూసాక బెమ్మదేవుడు కూడా తప్పు పట్టనేడు. కళ్లు మూసుకుని బోర్డెక్కీ!"

వాడు ఎక్కాడు. మూడో పేజీకి వచ్చేసరికి, సొరుగు లాగినంత సులువుగా బోర్డు మీది దొంతర మధ్యలోంచి ఒక పెట్టె తీసి పక్కన పెట్టాడు. ముందు బెంచీలోంచి జూనియర్ లావణ్య లేచింది.

"అన్నా, పైనున్నవి తియ్యనేదు కదా. అవి గాల్లో నిలబడ్డాయా ఏటి?"

గది గొల్లుమంది. తర్వాతి పేజీలన్నీ ఆ పెట్టె మీదే నిలబడ్డాయి మరి! సన్యాసిరావు చేతిలో సుద్దముక్క కూడా గాల్లోనే ఆగిపోయింది.

"దీన్ని ముందుగా ఎవరూ చదవలేదా బాబూ?" అన్నారు ప్రొఫెసరుగారు.

వాడు నావైపు చూశాడు. నేను తిరుగుతున్న ఫ్యానుకు రెక్కలెన్నో లెక్కపెడుతున్నాను.

"తప్పు నాదేనండి," అన్నాడు వాడు.

వేసవి పిలుపు ఇంకొకరికి వెళ్లింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదవకుండానే పోగొట్టాను, అదీ పక్కవాడి అవకాశాన్ని.

సన్యాసిరావు ఇప్పుడు కాలేజీలో లెక్కలు చెబుతున్నాడు. మొన్న అక్కడ గణిత క్లబ్బు మొదలుపెడుతూ నన్నూ పిలిచాడు. పిల్లలు ఒకరి కాగితాలు ఒకరు ఎర్ర పెన్నుతో చదువుతుంటే ఇక ఆగలేకపోయాను. వాణ్ని వరండాలోకి లాక్కెళ్లాను.

"బావా, ఆరోజు నీ కాగితాలు నాను సదవనేదు. ఒక్క ముక్క కూడా."

"తెలుసు."

"ఎలాగ?"

"బోర్డు దిగాక ఇంటికెళ్లి తిరగేసాను. కట్టలో మా సెల్లి గీసిన ఏనుగు బొమ్మ కలిసిపోనాది. దానికీ టిక్కు ఎట్టీసావు. కింద 'తర్కం బలంగా ఉంది' అని రాసీసావు!"



"మరి నన్ను అడగనేదేటి?"

"నువ్వే సెప్తావని సూసాను బావా. ఇప్పటిదాకా సూత్తనే ఉన్నాను."

వాడి చేతులు రెండూ పట్టుకున్నాను.

"సింహాచలం అప్పన్న మీద ఒట్టు బావా. ఇకమీదట ఏనుగైనా సరే, తొండం నుంచి తోకదాకా సూడకుండా టిక్కు ఎట్టను. నీ వేసవి నానే పాడుసేసాను. తప్పయిపోనాది, నన్ను క్షమించు."