మూడుకి బదులు తొమ్మిది

మంచు కొండల మధ్య ఉన్న తర్జిచ్ ఊళ్ళో సిరిల్ ఝెమ్వాను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన మేస్త్రీయే. బూట్ల కార్ఖానాలో మేస్త్రీగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాడు. మనిషి ఎదురుగా నడిచివస్తుంటే చాలు, ఏ కాలి వేలు ఎక్కడ ఒరుసుకుంటోందో చెప్పేసేవాడు. కార్ఖానా మూతపడ్డాక ఆ నేర్పు ఏడాదికి రెండు రోజులే పనికొచ్చేది. డిసెంబరు మొదట్లో, కాళ్ళకు స్కీలనే పొడుగాటి పలకలు కట్టుకుని మంచు వాలు మీద జారే స్కీ క్లబ్బువాళ్ళు ఫైర్ స్టేషను హాల్లో పాత సామాన్ల సంత పెడతారు. ఆ సంతలో కిటికీ పక్క బల్ల ఆయనది. బూట్లు తొడిగి చూడటం, స్కీలకు బైండింగులు సరిచేయడం ఆయన పని.

ఆ బల్ల దగ్గర కూర్చోవాలంటే మేస్త్రీకి భయమని క్లబ్బులో, సంతలో ఆయనకు సాయంగా ఉండే మిల్కా ఒక్కదానికే తెలుసు. బైండింగంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు. మనిషి పడితే అదే బూటును వదిలేయాలి. ఎంత బలానికి వదలాలో ఒక స్క్రూ తిప్పి పెడతారు. పక్కనున్న చిన్న గాజుబిళ్ళ కింద ఆ అంకె కనిపిస్తుంది. కొత్తవాళ్ళకు చిన్న అంకె, బరువైనవాళ్ళకు, వేగంగా దిగేవాళ్ళకు పెద్ద అంకె. చాలా ఏళ్ళ కిందట తమ్ముడు ద్రాగో వచ్చి, "ఊరికే ఊడిపోతోందన్నా, ఇంకాస్త బిగించు" అంటే, సిరిల్ మారుమాట్లాడకుండా బిగించాడు. ఆ ఆదివారమే ద్రాగో పడ్డాడు. స్కీ వదల్లేదు. కాలి ఎముక విరిగింది. తమ్ముడు ఆయన్ని ఒక్క మాట అనలేదు కానీ, ఆనాటి నుంచి స్క్రూడ్రైవరు పట్టుకుంటే మేస్త్రీ అరచేతులకు చెమట పట్టేది.

ఆ భయంతోనే ఆయన కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాడు. బరువు విషయంలో జనం అబద్ధమాడతారని ఇంట్లోంచి తూకం మిషను తెచ్చి బల్ల కింద పెట్టేవాడు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంతబాగా స్కీ చేస్తారు, అన్నీ చీటీ మీద రాసేవాడు. చివర్లో మిల్కా చీటీ చూసి అంకె పైకి చదివితే, ఆయన గాజుబిళ్ళలో చూసి అవునో కాదో చెప్పేవాడు. అలా చేస్తేనే ఇంటికెళ్ళి అన్నం సయించేది.

ఆ శనివారం మధ్యాహ్నం సిల్వా దోల్జాన్ వచ్చింది. ఊళ్ళో మందుల షాపులో పనిచేస్తుంది. తూర్పున మైదానంలో పుట్టిన మనిషి, నలభై ఒకటో ఏట మొదటిసారి స్కీ నేర్చుకోవాలనుకుంది. వెనక ఆమె భర్త బోగో, భుజాన ఎర్రగా మెరిసే పొడుగాటి స్కీలు, చేతిలో బూట్లు పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నీ నేనే ఏరాను మేస్త్రీ. మీరు బైండింగు సరిచేసి ఇస్తే చాలు" అన్నాడు బోగో.

మేస్త్రీ స్కీలను సిల్వా పక్కన నిలబెట్టాడు. ఆమె తలకన్నా జానెడు పైకి వచ్చాయి.

"ఇవి పందెంలో దిగేవాళ్ళవి. ఈవిడ గారికి గడ్డం దాకా వస్తే చాలు. మెత్తగా వంగే రకం కావాలి. ఈ బైండింగు చూడు, ప్లాస్టిక్కు తెల్లబడి బీటలిచ్చింది. దీన్ని నేను ముట్టుకోను."

"రంగు బాగుందని తీశాను."

"రంగు చూసి కొనడానికి ఇదేం కర్టెన్ గుడ్డా?"

సిల్వా నవ్వింది, కానీ ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "నాకు భయంగా ఉందండీ. చలికాలం ప్రతి సోమవారం కాళ్ళకు కట్లు కట్టుకుని వచ్చేవాళ్ళందరికీ నొప్పి మాత్రలు ఇచ్చేది నేనే."

"మరెందుకు నేర్చుకుంటున్నారు?"

"మా పాప, ఈయన ప్రతి ఆదివారం స్కీకని కొండ పైకెళ్తారు. నేను కింద కాఫీ కొట్లో కూర్చుంటాను. ఎనిమిదేళ్ళుగా అదే బల్ల."

మేస్త్రీ ఆమె చేత బూట్లు తొడిగించాడు. బోగో తెచ్చినవి రెండు సైజులు పెద్దవి. "వదులుగా ఉంటే హాయిగా ఉంటుందనుకుంటారు. లోపల పాదం ఈదులాడుతుంటే స్కీ మీ మాట వినదు" అంటూ వేరే జత ఇచ్చాడు. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగిలాయి. మోకాళ్ళు వంచితే వెనక్కి జరిగాయి. మడమ పైకి లేవలేదు. పది నిమిషాలు అలాగే తిరగమన్నాడు. "డబ్బు పెట్టేదుంటే ముందు బూట్ల మీద పెట్టండి. స్కీలు అద్దెకి తెచ్చుకున్నా ఏడాది గడిచిపోతుంది" అన్నాడు. కానీ అక్కడే గడ్డం దాకా వచ్చే నీలం స్కీల జత దొరికింది, బైండింగు కూడా కొత్తదే. దాన్నే తీసుకుంది. హెల్మెట్టు మాత్రం పాతది వద్దని, ఎన్ని దెబ్బలు తిన్నదో పైకి తెలియదని, షాపులో కొత్తది కొనమని చెప్పాడు. చీటీ మీద మూడు అని రాశాడు.

అప్పటికి హాలు కిక్కిరిసిపోయింది. వేడి వేడి సూపు తెచ్చారని కేక వినపడగానే మిల్కా గరిటె పట్టుకుని అటు వెళ్ళింది. బల్ల మీద ఆరు జతల స్కీలు. సిల్వా చీటీ పక్కనే ఫైర్ స్టేషనులో పనిచేసే గాష్పర్ చీటీ ఉంది. గాష్పర్ నూటరెండు కిలోల మనిషి, చిన్నప్పటి నుంచి స్కీ చేస్తున్నవాడు. అతని అంకె తొమ్మిది. మేస్త్రీ ఒకదాని తర్వాత ఒకటి స్క్రూలు తిప్పాడు, మిల్కా కోసం ఆగలేదు. ఎవరి స్కీలు వాళ్ళకు ఇచ్చేశాడు.

మర్నాడు ఉదయం, అమ్ముడుపోని సామాను సొంతదారులకు తిరిగిచ్చే రోజు, గాష్పర్ స్కీలు మోసుకుంటూ వచ్చాడు.

"ఏం మేస్త్రీ, నన్ను చంటిపిల్లాడనుకున్నావా? పెరట్లో తొడిగి కాలు కాస్త తిప్పానంతే, టక్కున ఊడిపోయింది."

మేస్త్రీ వంగి గాజుబిళ్ళలో చూశాడు. మూడు.

గాష్పర్ ఏదో అంటూనే ఉన్నాడు, ఆ మాటలు దూరం నుంచి వస్తున్నట్టున్నాయి. గాష్పర్‌కు మూడు పెట్టాడంటే, తొమ్మిది ఎవరికి పెట్టాడో తెలుస్తూనే ఉంది. ఈరోజు ఆదివారం. ఇవాళ ఆవిడ కాఫీ కొట్లో ఉండదు, వాలు మీద ఉంటుంది.

చీటీ మీదున్న నంబరుకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. "నువ్వు కారు నడపొద్దు" అంది మిల్కా. ఆయన వినలేదు. పొగమంచు కమ్మిన రోడ్డు మీద, కొండపైకి ముప్పావు గంట ప్రయాణం. ప్రతి మలుపులోనూ ఎదురుగా అంబులెన్సు వస్తుందేమోనని చూశాడు. ఒకటి వచ్చింది కూడా. లైట్లు వెలగడం లేదు, ఖాళీగా వెళ్తోందనుకున్నాడు, మరుక్షణమే లోపల ఎవరో ఉన్నారనిపించింది. వెనక్కి తిరిగి దాని వెంట పోవాలా, పైకి పోవాలా తేల్చుకోలేక రోడ్డు పక్కన కారు ఆపాడు. తర్వాత పైకే పోనిచ్చాడు.

పైన పొగమంచు లేదు, ఎండ కాస్తోంది. నేర్చుకునేవాళ్ళ వాలు కింద మామూలు బూట్లతో మంచులో దిగబడుతూ నిలబడి వెతికాడు. అందరివీ హెల్మెట్లు, అద్దాలు, ఎవరి ముఖమూ తెలియడం లేదు. ఆయన మనుషుల్ని చూడటం మానేసి కాళ్ళకేసి చూశాడు. సగం ఎత్తులో నీలం స్కీలు, వాటి పక్కన ఒక చిన్నపిల్ల, వెనక బోగో.

"కదలకండి! అక్కడే కూర్చోండి!" అని అరిచాడు. జనాన్ని వాలు పైకి లాగే లిఫ్టు మోతలో ఆయన గొంతు ఆయనకే వినపడలేదు. సిల్వా నెమ్మదిగా, మోకాళ్ళు దగ్గర పెట్టుకుని, ఎవరో నేర్పినట్టు దిగుతోంది. పిల్ల ఏదో అంటే అటు తల తిప్పింది. ఎడమ స్కీ ముక్కు మంచులో దిగింది. మనిషి ముందుకు పోయింది, కాలు వెనకే ఉండిపోయి పక్కకు మెలిపడింది. ఆ క్షణంలో స్కీ ఊడి పక్కకు జారిపోవాలి. ఊడలేదు.

ఆయన ఎలా పైకెక్కాడో ఆయనకే తెలియదు. సిల్వా పెదవులు కొరుక్కుంటూ పడి ఉంది. ముఖం తెల్లగా పాలిపోయింది.

"లే సిల్వా, అందరూ పడతారు" అంటున్నాడు బోగో.

"లేపకు." మేస్త్రీ మంచులో కూలబడి బైండింగు వెనక పిడిని చేత్తో నొక్కి బూటును విడిపించాడు. "తప్పు నాది. మీ చీటీ, ఇంకొకరి చీటీ తారుమారు చేశాను. సరిచూసుకోకుండా ఇచ్చేశాను."

బోగో ఆయన కాలరు పట్టుకోబోయాడు. సిల్వా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎంత పెట్టారు?"

"తొమ్మిది."

"ఎంత ఉండాలి?"

"మూడు."

"ఆ అంకె బయటికి కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది. ఇదిగో, ఈ గాజుబిళ్ళలో."

ఆమె ఆ అంకెను చాలాసేపు చూసింది. "మరి నిన్న నాకెందుకు చూపించలేదు?"

తర్వాత భర్త వైపు తిరిగింది. "పొద్దున్నే రెండుసార్లు పడ్డప్పుడు అడిగానా లేదా, ఇది ఊడదేంటని? ఊడకపోతేనే మంచిది, వెతుక్కునే పని తప్పుతుందన్నావు." బోగో కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

ఎముక విరగలేదు. మోకాలి కీలును పట్టి ఉంచే లోపలి లిగమెంటు సగం తెగిందని డాక్టరు చెప్పాడు. సిల్వా పది వారాలు మోకాలికి పట్టీ వేసుకుని, కుర్చీలో కూర్చునే మందులు అమ్మింది. ఆ పది వారాలూ మేస్త్రీ మందుల షాపున్న వీధిలోంచి నడవలేదు. తన మందుల కోసం పక్క ఊరు వెళ్ళేవాడు. స్క్రూడ్రైవర్ల పెట్టెను మిల్కాకు ఇచ్చేసి, "ఇక నా వల్ల కాదు" అన్నాడు. మిల్కా బతిమాలలేదు, పెట్టెను మాత్రం జాగ్రత్తగా దాచింది.

మరుసటి ఏడు సంతకు ముందురోజు సిల్వా ఆయన ఇంటి తలుపు తట్టింది. కర్ర లేదు, మామూలుగానే నడుస్తోంది. చేతిలో అవే బూట్లు.

"రేపు మీరు రావాలి" అంది.

"నన్ను నమ్మి మళ్ళీ కాలు పెడతారా?"

"మిమ్మల్ని నమ్మనండీ. అంకె నేను చదువుకుంటాను. బూట్లు మాత్రం మీరు చూసినట్టు ఇంకెవరూ చూడరు. పాదం ఎక్కడా ఒరుసుకోలేదు."

ఆయన వచ్చాడు. రాత్రంతా నిద్ర లేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఆ రోజు బల్ల ముందు మిల్కా ఒక కుర్చీ వేసింది. కొన్నవాళ్ళు ఆ కుర్చీలో కూర్చుని, చీటీ మీది అంకెను, గాజుబిళ్ళలోని అంకెను తమ నోటితో చదివి, సంతకం పెడితేనే స్కీలు చేతికి ఇస్తారు. ఇప్పటికీ ఆ హాల్లో అదే పద్ధతి. కొందరు విసుక్కుంటారు. ఆలస్యమవుతోందని వెనకున్నవాళ్ళు గొణుగుతారు.

సిల్వా తన నీలం స్కీలతో మొదట కూర్చుంది. "మూడు" అని చదివింది. కళ్ళద్దాలు తుడుచుకుని రెండో స్కీ కూడా చూసింది. "మూడు." ఆమె సంతకం పెట్టి లేచింది.

ఆ ఆదివారం ఆయన ఫోను ఒళ్ళో పెట్టుకుని వంటింట్లో కూర్చున్నాడు. సాయంత్రం నాలుగింటికి మోగింది. ఎత్తడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"నాలుగుసార్లు పడ్డానండీ" అంది సిల్వా. "నాలుగుసార్లూ ఊడింది."