మునెమ్మత్త కుండ

మామిడి గుజ్జూ బెల్లమూ సారా కలిసి నిప్పు మీద మాడే వాసన నాకు కొత్త కాదు. మొన్న కెలవరపల్లి డ్యాం దగ్గర రిసార్టులో మా కంపెనీ వాళ్ళు విందు పెడితే, తెల్లటోపీ వంటవాడు కాల్చిన పందిమాంసం మీద ఆ గుజ్జే పూసి, రమ్ము పోసి మంట లేపాడు. మా ఆఫీసు ఘనులంతా చప్పట్లు కొట్టి ఫోన్లు తీశారు. పంది అన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. పోర్కు అంటే మైల అంటదు కాబోలు.

ఊత్తంగరై పక్కన మా పల్లెలో పంది పందే. మామిడి కాలంలో గాలికి రాలిన బెంగళూరా పండ్లు వసారా నిండా మగ్గి, ఈగలు ముసిరి, ఇల్లంతా తీపి వాసన కొట్టే రోజుల్లో, మా నాయనకు అక్క అయిన మునెమ్మత్త ఏడాదికొకసారి వండేది. ఇంట్లో కాదు, పెరటి గోడ అవతల, మూడు రాళ్ళ పొయ్యి మీద. ఆ కుండ గడప దాటకూడదు, తిన్నవాళ్ళు తలకు పోసుకోకుండా లోపలికి రాకూడదు. గోడకు ఇవతల ఛీఛీ అని ముక్కు మూసుకునే పెద్దమనుషులే అవతల గొంతుక్కూర్చుని విస్తళ్ళు నాకేవాళ్ళు.

అత్త కొవ్వున్న ముక్కలను బొగ్గుల మీద తిప్పి తిప్పి కాల్చి, నూనె కారే వేళకు కుండలో వేసి, పండు గుజ్జు, బెల్లం, ఎండుమిరప కారం కలిపి, చివర్లో దోసెడు సారాయి చల్లేది. భగ్గున మంట లేచి ఆరేది. ముక్కలు నల్లగా, జిగురుగా, చింతపిక్కల్లా మెరిసేవి. మొదటి ముక్క నాకే.

నాకు పన్నెండేళ్ళప్పుడు, అలాంటి రోజే మా టీచరమ్మ మామిడిపండ్ల కోసం ఇంటికొచ్చింది. పట్నం మనిషి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గోడ మీదుగా తొంగిచూసి అడిగింది.

"ఎవర్రా ఆమె?"

"కూలికొచ్చినామె టీచర్. మావాళ్ళు కాదు."

అత్త తల ఎత్తలేదు, గరిటె ఆపలేదు. వినలేదులే అని సర్దుకున్నాను. ఆ పూట కూడా మొదటి ముక్క నా విస్తట్లోనే వేసింది. సిగ్గులేని వెధవను, తిన్నాను.

మరుసటేడు పండ్లు రాలినా గోడ అవతల పొయ్యి వెలగలేదు. ఉండబట్టలేక అడిగాను.

"అత్తా, ఈ తూరి ఎప్పుడు చేస్తావు?"

"కూలామెను అడిగేదేంటికప్పా? మీవాళ్ళు ఎవరన్నా ఉంటే చేయించుకో పో."

బతికినన్నాళ్ళూ నాకు తలంటింది, జ్వరమొస్తే పక్కనే కూర్చుంది, ఆ కుండను మాత్రం మళ్ళీ ముట్టలేదు. గుజ్జు ఎప్పుడు పోయాలో, కారం ఎంతో ఎవరికీ చెప్పకుండానే పోయింది. పెరడు ప్లాట్లయింది, గోడ పడగొట్టారు.

రిసార్టు ముక్కలో పొగ లేదు, కారం లేదు, ఉత్త తీపి. దానికే మా వాళ్ళు కళ్ళు మూసుకుని ఆహా అంటున్నారు. నాలుగేళ్ళ కిందట రాజమండ్రి నుంచి వచ్చిన మా మేనేజరు మూతి తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు.

"ఎలా ఉందండీ? మీ ఊళ్ళో ఇలాంటివి చేస్తారా?"

ఇంతసేపూ వాళ్ళను ఈసడించిన ఈ నోటితోనే, "మా ఊర్లో ఇవన్నీ యాడ సార్, ఇదే మొదటిసారి తినేది," అని ప్లేటు ముందుకు చాచాను.