తీసెయ్యని కోర్సు

మా యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెట్టే చరిత్ర పేజీ రాసే పని ప్రతి వేసవిలోనూ నా నెత్తినే పడుతుంది. నేను చరిత్ర పాఠం చెబుతాను కాబట్టి. అంతకు మించి కారణం లేదు. వృక్షశాస్త్రం చెప్పే ఆయన్ని తోటకి నీళ్లు పెట్టమని ఎవరూ అడగరు కదా అని ఒకసారి విసుక్కున్నాను కూడా. ఆఫీసు సూపరింటెండెంటు గారు నవ్వేసి, "మీరైతే రెండు ముక్కలు చక్కగా రాస్తారు మేడమ్" అన్నారు. పొగిడితే కరిగిపోయే వెర్రితనం నాది. రాసిచ్చేస్తాను.

అదేమన్నా పెద్ద చరిత్రా! ఇప్పుడంటే బందరు నుంచి గుడివాడ వెళ్లే దారిలో చేల మధ్య సొంత భవనాలున్నాయి గానీ, మొదట్లో ఒక పాత కాలేజీ వాళ్లు దయతలచి ఇచ్చిన ఆరు గదులే యూనివర్సిటీ. నేను పాఠం చెబుతుంటే పక్కగదిలో ఇంటర్ పిల్లల గోల వినపడేది. అప్పుడు గెస్ట్ ఫ్యాకల్టీగా చేరాను. ఇప్పటికీ గెస్టునే. ఇన్నేళ్లు అతిథిగా ఉంటే ఏ ఇంటివాళ్లైనా ఎప్పుడో పొమ్మనేవాళ్లు. వీళ్లు పొమ్మనరు, ఉండమనరు, ఏడాదికోసారి రెన్యూవల్ కాగితం ఇస్తారు. ఇవేవీ ఆ పేజీలో రాయకూడదు. గ్రామీణ విద్యార్థులకు ఉన్నత విద్యను చేరువ చేసే సంకల్పంతో అని మొదలుపెట్టాలి. ఆ వాక్యం నా చేతికి ఎంత అలవాటైపోయిందంటే, కళ్లు మూసుకుని టైపు చేయగలను.

దాని కింద కోర్సుల జాబితా ఉంటుంది. మా ఆఫీసులో దానికో పద్ధతి ఉంది. కొత్త కోర్సు వస్తే కలపాలి, ఆగిపోయినదాన్ని మాత్రం తీయకూడదు. తీస్తే తనిఖీకి వచ్చినవాళ్లు ఎందుకు తీశారని అడుగుతారు. ఉంటే ఎవరూ ఏమీ అడగరు. అందుకని పాత ఫైలు తెరిచి, సంవత్సరం మార్చి పంపేయడమే. ఎం.ఏ. చరిత్ర రెండేళ్లుగా నడవడం లేదు. పదిమంది చేరితేనే తరగతి పెడతారు, మాకు అయిదారుగురు మించి రాలేదు. నేను ఎకనామిక్స్ వాళ్లకి ఒక పేపరు చెప్పుకుంటూ నెట్టుకొస్తున్నాను. ఈ ఏడాది ఆ లైను దగ్గర నా చెయ్యి ఆగింది. తీసేస్తే నా రెన్యూవల్ కాగితంలో ఏ కోర్సు పేరు రాస్తారు? అలాగే వదిలేశాను. పద్ధతి ఆఫీసుదే, భయం మాత్రం నాది.

అడ్మిషన్లు మొదలైన సోమవారమే ఒకామె వచ్చింది. ముప్పై దాటి ఉంటుంది. దివిసీమలో, నాగాయలంక అవతల ఏదో పల్లె. మూడు బస్సులు మారి వచ్చానంది. పెళ్లితో ఆగిపోయిన డిగ్రీని పిల్లలు పుట్టాక పూర్తి చేసిందట.

"డెబ్భై ఏడు ఉప్పెనకి ముందు మా ఊళ్లో ఎన్ని ఇళ్లుండేవో, ఎవరెవరుండేవారో ఎవరూ రాసిపెట్టలేదండీ. మా నాయనమ్మ చెప్పగా విన్నదే. అది పద్ధతిగా రాయడం నేర్చుకుందామని" అంది.

"మరి పిల్లలు?"

"మా అత్తగారు చూస్తానన్నారండీ. చేరితే ఈ ఏడాదే చేరాలి. మళ్లీ ఏటికి ఆవిడ మోకాళ్లు ఎలా ఉంటాయో, మనసు ఎలా ఉంటుందో!" అని నవ్వింది. "ఆన్‌లైన్‌లో చరిత్ర ఒక్కటే ఆప్షను పెట్టానండీ. మీ యూనివర్సిటీ పేజీ మూడుసార్లు చదివాను. ఎంత బాగా రాశారో!"

నేను నీళ్లు నమిలాను. పదిమంది కావాలన్న సంగతి చెప్పాను. కోర్సు మార్చుకోవడానికి శనివారం దాకా గడువుందని కూడా చెప్పాను. రెండేళ్లుగా నడవడం లేదని మాత్రం చెప్పలేదు. "తొందరపడకమ్మా, చూద్దాం" అన్నాను.

ఆ వారమంతా ఆమె రోజూ వచ్చింది. నా దగ్గరున్న పాత నంబర్లన్నీ తీసి ఇద్దరం ఫోన్లు చేశాం. పెడనలో కలంకారీ అద్దకం పని చేసుకుంటున్న నా పాత విద్యార్థిని, "ఇప్పుడు చదువేంటి మేడమ్, రంగు చేతుల్తో!" అని నవ్వి, సాయంత్రానికి వాళ్ల తోడికోడల్ని ఒప్పించింది. బందరులో బట్టల కొట్టు నడుపుతున్న ఒక సాయిబుగారబ్బాయి తన చెల్లెల్ని పంపుతానన్నాడు. పేరు దొరికినప్పుడల్లా ఈమె, "ఇంకొకరండీ!" అంటూ నా చెయ్యి పట్టుకునేది. తెచ్చుకున్న పులిహోరలో సగం నాకు పెట్టేది. నిజం చెబుతున్నాను, ఎన్నేళ్లకో నాకు మా చరిత్ర విభాగం గదిలోకి వెళ్లాలని హుషారుగా అనిపించింది.

శనివారం మధ్యాహ్నానికి ఏడుగురు తేలారు.

"ఏడంటే ఏడే మేడమ్. నా చేతుల్లో ఏముంది?" అన్నారు సూపరింటెండెంటు గారు. మిగతా ఆరుగురూ వేరే కోర్సులు కూడా రాసి ఉండటంతో ఎందులోనో ఒకదాంట్లో సర్దుకున్నారు. ఈమెకి రెండో ఆప్షనే లేదు. ఈమెకి పనికొచ్చే కోర్సుల్లో మిగిలింది ఎకనామిక్స్ ఒక్కటే, అదీ ముందురోజే నిండిపోయింది. ఆయన సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చేస్తూ, "రెండేళ్ల నుంచీ ఇదే కదమ్మా పరిస్థితి" అనేశారు.

ఆమె సర్టిఫికెట్లు ఒక్కొక్కటే చూసుకుని కవర్లో పెట్టుకుంది. వరండాలోకి వచ్చాక అడిగింది.

"ఆ పేజీ రాసినవాళ్లు ఎవరండీ? తిట్టనండీ. ఒక్క మాట అడుగుతాను, అంతే."

ఆఫీసు వైపు వేలు చూపిస్తే సరిపోయేది. కానీ వారం రోజులు ఆమె చేతి ముద్ద తిన్న నోటికి ఆ అబద్ధం రాలేదు. "నేనేనమ్మా" అన్నాను.

"మీరా అండీ!"

ఎండలో చేలవైపు చూస్తూ చాలా మర్యాదగానే, "అయితే మొదటిరోజే చెప్పేయాల్సిందండీ. ఆ రోజు ఎకనామిక్స్‌లో సీట్లున్నాయి కదండీ" అంది.

ఉన్నాయి. నాకు తెలుసు. ఈమె అందులోకి వెళ్లిపోతే చరిత్రకి ఒకరు తగ్గిపోతారని ఆ సోమవారమే అనుకున్నాను.