మేకు మీద మిగిలిన బిళ్ల

లాంపు రూం కాక పోయాడని ఆదివారం పొద్దున కబురొచ్చింది. నేను ఏడుస్తుంటే అమ్మ, "ఆయన చుట్టమా, పక్కమా? నౌకరి వద్దనేతందుకు సాకు పెట్టి ఏడుస్తున్నవ్," అంది. ఇరవై మూడేళ్లు పెంచిన మనిషి నా ఏడుపు ఎవరికోసమో పోల్చుకోలేకపోయింది. ఆ మాట ఇంకా గుచ్చుతోంది.

కాక మా క్వార్టర్ల వరుసలో చివరి ఇంటాయన. గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలిచ్చే లాంపు రూంలో పనిచేసి రిటైరయ్యాడు. ప్రతి కార్మికుడూ తన ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు. బిళ్ల బోర్డు మేకుకు వేలాడుతుంది. పైకొచ్చి దీపం అప్పజెబితే బిళ్ల తిరిగి చేతికొస్తుంది. షిఫ్టు అయ్యాక ఒక్క బిళ్ల మిగిలినా కాక ఇంటికి కదిలేవాడు కాదట. ఒకప్పుడు గనికొచ్చిన రష్యా ఇంజినీర్లతో మాట్లాడబోయి వాళ్ల భాష పట్టుకున్నాడు. వాళ్లు వెళ్లిపోయినా భాషను వదల్లేదు.

డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న నేను ఆయన దగ్గర రష్యన్ మొదలుపెట్టి, గమన క్రియల దగ్గర ఇరుక్కున్నాను. మనం 'పోవడం'తో సరిపెట్టుకునే చోట వాళ్లకు బోలెడు మాటలు.

"రష్యనోడు ఉత్తగ 'పోయిన' అంటే ఊకోడు బిడ్డా. నడిచి పోయినవా, బండి మీదనా? ఒక్క దిక్కేనా, పోయి మల్లొచ్చుడా? ఒక్కపారా, రోజూనా? గన్ని అడుగుతడు, మీ అమ్మ లెక్క," అని నవ్వేవాడు.

చెక్కకు మేకులు కొట్టి, అట్టముక్కల మీద క్రియలు రాసి వేలాడదీశాడు. పై వరుస ఒకవైపు పోవడానికి, కింది వరుస రాకపోకలకు. 'నాన్న రోజూ గనికి పోతాడు' అని రాయమంటే నేను పై వరుస క్రియ వాడాను. ఆయన నవ్వు ఆగిపోయింది. రబ్బరు తీసుకుని తనే చెరిపాడు.

"మీ నాయిన మల్ల పైకి రావద్దా? కింది దాంట్లకెల్లి తీస్కో."

నాకూ ఒక పాత బిళ్ల ఇచ్చాడు. పాఠానికి రాగానే మేకుకు తగిలించాలి, పోయేటప్పుడు తీసుకెళ్లాలి.

పోయిన గురువారం ఆయనకు అంతా చెప్పాను. మోకాళ్లు అరిగిన నాన్న, ఇక గని పని చేయలేనని మెడికల్ అన్‌ఫిట్‌కు దరఖాస్తు పెడుతున్నాడు. మంజూరైతే ఆయన నౌకరి నాకొస్తుంది. నా సంతకం కోసం ఇంట్లో కాచుకున్నారు. అటు హైదరాబాద్‌లో రష్యన్ ఎం.ఏ. సీటు వచ్చింది. సంతకం పెట్టకపోతే ఇల్లు గడవడానికి నాన్న ఆ మోకాళ్లతోనే ఇంకా గనిలోకి దిగాలి.

"ఏం జెయ్యాలె కాకా? నువ్వే చెప్పు."

"నేను దీపమిచ్చెటోన్ని బిడ్డా. దిగేది నువ్వు. నేనెట్ల చెప్త?"

"గిందుకేనా గింత చదువు చెప్పింది?" అని విసురుగా లేచొచ్చాను. మళ్లీ పోలేదు.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక ఆయన భార్య, నేను చిన్నమ్మ అని పిలిచే ఆమె, నన్ను ఆ చెక్క ముందుకు తీసుకెళ్లింది. "నీ బిళ్ల మర్శిపోయినవ్. మూడు దినాలు దాని దిక్కే చూసిండు. తీస్తనంటే వద్దన్నడు. 'ఆ పిల్ల ఇంకా పైకి రాలే' అన్నడు."

బిళ్ల తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. అది రాసుకుని రాసుకుని చెక్క మీద గుండ్రటి గీత పడింది.

ఈ పొద్దున నాన్న తొలి షిఫ్టుకు పోతూ మెట్టు దగ్గర మోకాలు పట్టుకుని ఆగాడు. చూశాను.

సంతకం పెట్టలేదు. వచ్చే సోమవారం హైదరాబాద్‌లో ఎం.ఏ.లో చేరుతున్నాను.