పిన్నుల మిషనుకు కుంకుమ బొట్టు

కర్నూలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను థియేటర్ సిస్టర్‌ని. ఆపరేషన్ జరిగేటప్పుడు సర్జన్ చేతికి ఏ పనిముట్టు ఎప్పుడు కావాలో కనిపెట్టి అందించడం నా ఉద్యోగం. అడిగితేనే మాట్లాడడం కూడా అందులో భాగమే. అది నియామక పత్రంలో రాయలేదు గాని, చేరిన మొదటి వారంలోనే అర్థమైంది.

పేగులో పాడైన భాగం తీసేయడానికి మేము ఒక పిన్నుల మిషను వాడతాం. ఆఫీసుల్లో కాగితాలకు పిన్ను కొట్టేదానికి ఇది చదువుకున్న అన్న. పేగును దాని దవడల మధ్య పెట్టి బిగించి మీట నొక్కితే రెండు పక్కలా సన్నని పిన్నుల వరసలు పడతాయి, మధ్యలో కత్తి కోసుకుంటూ పోతుంది. అయితే బిగించీ బిగించకముందే నొక్కకూడదు. పదిహేను సెకన్లు ఆగితే పేగులోని నీరు పక్కకు తప్పుకుని పిన్నులు సరిగ్గా మడుచుకుంటాయి. ఆగకపోతే ఆ పూటకు అంతా బాగున్నట్టే ఉంటుంది. నాలుగో రోజో ఐదో రోజో అతుకు విడిపోయి కడుపులోకి కారుతుంది.

మా సర్జన్ కడప వైపు పెద్ద రైతు కుటుంబం మనిషి. చెయ్యి మంచిది, ఓపిక తక్కువ. గోడ గడియారం ఎప్పుడూ ఆయన వీపు వెనకే ఉండేది. అందుకని ఆయన మిషను బిగించగానే నేను మాస్కు లోపల మా అమ్మ నేర్పిన చిన్న ప్రార్థన మొదలుపెట్టేదాన్ని. బేతంచెర్ల దగ్గర మా ఊరి చర్చిలో చల్లటి బండల మీద కూర్చుని నేర్చుకున్నది, నా నోట సరిగ్గా పదిహేను సెకన్లు పడుతుంది. ఒకరోజు నా మాస్కు కదలడం చూసి, "ఏమ్మా, నన్ను తిట్టుకుంటాండావా?" అన్నాడు. సంగతి చెప్పాను. అప్పటినుంచి అదే మా థియేటర్ పద్ధతి అయిపోయింది. శనివారం వస్తే ఎర్రనామం దిద్దుకుని వచ్చే పెద్దమనిషి, పేగు బిగించి, "ఆమెన్ అయిందా సిస్టరమ్మా?" అని అడిగేవాడు. నేను ఆమెన్ అంటే నొక్కేవాడు.

ఒక్కసారి అడగలేదు. ఆరోజు ఆయన ఒంటిమిట్టలో చుట్టాల పెళ్ళికి పోవాలి. బల్ల మీద రాజంపేట నుంచి వచ్చిన ఒక రైతు ఇల్లాలు. నా ప్రార్థన సగంలో ఉండగానే మీట నొక్కిన చప్పుడు వినిపించింది. మిగతా సగం మింగేశాను. ఐదో రోజు ఆమెకు జ్వరం వచ్చింది, మళ్ళీ కడుపు తెరవాల్సి వచ్చింది. ఏడు నెలలు పొట్ట పక్కన మలం పడే సంచి తగిలించుకుని తిరిగింది. "ఆయమ్మ పేగు శానా మెత్తన" అని సర్జన్ ఆమె భర్తకు చెబుతుంటే పక్కన నిలబడి తలూపాను. భయపడ్డాను, అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు. ఆమె మాత్రం సంచి మార్చడానికి వచ్చినప్పుడల్లా నన్నే వెతుక్కునేది, నా చెయ్యి మెత్తగా ఉంటుందని.

ఇలా పదకొండేళ్ళు గడిచాక, రెండేళ్ళ కిందట మా ఆసుపత్రికి బ్యాటరీతో నడిచే పిన్నుల మిషను వచ్చింది. కంపెనీ ఇంజనీరు దాన్ని కొత్త అల్లుణ్ణి పరిచయం చేసినట్టు పరిచయం చేశాడు. దవడల్లో సెన్సర్లు ఉన్నాయట. పేగు మందం అదే తెలుసుకుంటుందట. దవడలో అమర్చే పిన్నుల పెట్టె, అంటే కార్ట్రిడ్జి, కొత్తదా వాడేసిందా, పలచటి పేగుకు పెట్టే నీలందా, మందపు పేగుకు పెట్టే పచ్చదా, అన్నీ కనిపెడుతుందట. ఆ సమాచారమంతా వైరు లేకుండా గోడ మీది తెరకు పంపుతుంది. పదిహేను సెకన్లు అదే లెక్కపెడుతుంది. అంతా బాగుంటే తెర మూలన పచ్చ లైటు వెలుగుతుంది, తేడా ఉంటే దాని పక్కనే ఎర్ర లైటు వెలిగి కూత పెడుతుంది. ఎర్ర లైటు ఉండగా మీట నొక్కితే మోటారు ఆగిపోతుంది.

"మరి రెండోసారి నొక్కితే?" అని అడిగాను.

"అప్పుడు కోసేస్తుంది మేడమ్. చివరి నిర్ణయం డాక్టరుగారిదే కదా. మనిషి మాటకు విలువివ్వాలి" అన్నాడు.

ఆగండి సార్, ఇది మందంగా ఉంది సార్, ఆ కార్ట్రిడ్జి కాదు సార్. ఇన్నేళ్ళూ ఈ మాటల్ని నేను కళ్ళతో అన్నప్పుడు ఎవరికీ వినపడలేదు. అవే మాటలు మిషను అంటే దానికి తెలివి అని పేరొచ్చింది. నా ప్రార్థనకు పదవీ విరమణ అయింది, శాలువా కూడా కప్పలేదు.

ఆ కూత రెండు వారాలు కూడా బతకలేదు. సర్జన్‌కు ఆపరేషన్‌లో పాత పాటలు వినడం అలవాటు. "పాటకు అడ్డమొస్తాంది, దాని నోరు మూయించండప్పా" అన్నాడు, మూయించారు. ఇక మిగిలింది ఎర్ర లైటు ఒక్కటే. దాని సంగతి దసరాకు మా అటెండర్ చూసుకున్నాడు. ఆయన నాకంటే పెద్దవాడు, థియేటర్లో ఆయుధ పూజ ఆయన చేతుల మీదుగానే జరుగుతుంది. తలుపు బయట కొబ్బరికాయ కొట్టి, లోపలికి వచ్చి లైట్లకు, బల్లకు, మత్తు మిషనుకు గంధం కుంకుమ పెట్టి, కొత్త తెరకు ప్రత్యేకంగా రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టాడు. అది సరిగ్గా ఎర్ర లైటు మీద పడింది. ఆ తర్వాత పద్ధతి ప్రకారం గదిని మళ్ళీ శుద్ధి చేశాం. బొట్టు చుట్టూ జాగ్రత్తగా తుడిచారు.

రెండు రోజులు చూసి ఆయనతోనే అన్నాను: "అన్నా, ఆ మూల లైటు ఉండాది. బొట్టు రవ్వంత పక్కకు జరపరాదా?"

"పూజలో పెట్టిన బొట్టు జరుపుతారా మేడమ్మా? లైటు యాడికి పోతాది, వెనకాల్నే ఉండాది గదా" అన్నాడు.

నేనే తుడిచేయొచ్చు. కాని నేను చర్చికి పోయేదాన్ని. నేను తుడిస్తే మరునాడు ఆసుపత్రిలో మాట్లాడుకునేది లైటు గురించి కాదని నాకు బాగా తెలుసు. సర్జన్‌కు చెప్పొచ్చు. ఆయనే చూస్తాడులే అనుకున్నాను. ఈ అనుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

దీపావళి దాటాక బేతంచెర్ల నుంచి బండల పాలిషింగ్ చేసే ఒకాయన వచ్చాడు. పేగులో గడ్డ. మా ఆసుపత్రి వరండాలో పరిచిన బండలు అలాంటి చేతులు నునుపు చేసినవే. ఆపరేషన్‌కు ముందు ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మా ఆయప్ప మళ్ళా పాలిషింగ్ మిషన్ కాడ నిలబడతాడా? సంచి పెడతారంట గదా కొందరికి. సంచి పెట్టుకొని ఆ నీళ్ళల్లో, ఆ దుమ్ములో ఎట్ల పని చేస్తాడక్కా?"

పెట్టరులేమ్మా అని చెప్పాను. ఏ ధైర్యంతో చెప్పానో నాకే తెలియదు.

లోపల పేగు నా చేతికి తగలగానే మందంగా, వాచి ఉన్నట్టు తెలిసింది. నీలం కార్ట్రిడ్జి అడిగాడు సర్జన్.

"పచ్చది ఇయ్యనా సార్?"

"మందముంటే అదే చెప్తాది లేమ్మా. దానికి తెలీదా?"

నీలమే ఇచ్చాను. బిగించాడు. నేను తెర వైపు చూశాను. పచ్చ లైటు వెలగలేదు. కుంకుమ బొట్టు అంచు చుట్టూ మాత్రం సన్నగా ఎర్రటి వెలుతురు కనిపించింది. మీట నొక్కాడు, మోటారు ఒక్కసారి మూలిగి ఆగింది.

"బ్యాటరీ అయిపోయినట్టుండాదే" అని మళ్ళీ నొక్కడానికి బొటనవేలు సర్దుకున్నాడు.

నా చేతులకు గ్లౌజులు ఉన్నాయి, వాటితో గోడను తాకకూడదు. తాకగలిగి ఉంటే బహుశా ఏమీ మాట్లాడకుండా వెళ్ళి తుడిచేసి వచ్చేదాన్ని. నోరు తప్ప ఏమీ మిగల్లేదు.

"ఆమెన్ కాలేదు సార్" అన్నాను.

ఆయన వేలు ఆగింది. ఏళ్ళ అలవాటు, మెదడుకంటే ముందు వేలికే గుర్తొచ్చినట్టుంది. "అది ఇప్పుడు మిషన్ లెక్క గదమ్మా?" అన్నాడు.

"మిషన్ కూడా కాలేదనే అంటాంది సార్. ఆ బొట్టు వెనకాల చూడండి."

అందరూ చూశారు. అటెండర్ ముందు కళ్ళకు అద్దుకుని, తర్వాత స్పిరిట్ దూదితో బొట్టు తుడిచాడు. కింద ఎర్ర లైటు నిబ్బరంగా వెలుగుతోంది. సర్జన్ దవడలు విప్పి చెయ్యి చాపాడు. పచ్చ కార్ట్రిడ్జి పెట్టాను.

నాలుగో రోజు జ్వరం రాలేదు. ఐదో రోజు కడుపులో గాలి కదిలిందని పేషెంటు సిగ్గుపడుతూ చెప్పాడు. పేగు మళ్ళీ పని మొదలుపెట్టిందన్నమాట, మా వార్డులో అంతకన్నా శుభవార్త ఉండదు. "మిషను కాపాడిందప్పా మిమ్మల్ని" అని సర్జన్ ఆయనకు చెప్పాడు. మిషను తన రికార్డును తానే కంపెనీకి పంపుకుంది కాబట్టి ఇంజనీరు కూడా గ్రాఫు కాగితంతో దిగాడు. గీత ఒకచోట చదునుగా ఉంది. "ఇదిగో మేడమ్, ఇక్కడ మా సిస్టమ్ ఆగింది" అని వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఆగింది సర్జన్ బొటనవేలు. గ్రాఫులో దానికి గీత లేదు.

ఇంటికి పోయే రోజు పేషెంటు భార్య కుంకుమ పొట్లం తెచ్చింది, మిషనుకు పెట్టాలని. బయటివాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. పొట్లం అటెండర్‌కు ఇచ్చాను.

"అన్నా, ఆ మూల వద్దు."

"తెలుసులే మేడమ్మా" అని ఆయన తెర కింది చట్రానికి పెట్టాడు.

బయట ఆమె తన దగ్గర ఉంచుకున్న చిటికెడు కుంకుమతో నా వైపు వచ్చి, బొట్టులేని నా నుదురు చూసి ఆగిపోయింది. వేళ్ళు కొంగుకు తుడుచుకుని నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ చెయ్యి శానా మెత్తనక్కా" అంది.

రాజంపేట ఆమె కూడా అదే అనేది. ఆమెన్ కాలేదు సార్. మూడు మాటలు. ఆమె పేగు దవడల మధ్య ఉన్న రోజు కూడా నాకు ఆ మూడు మాటలూ వచ్చు.