మౌళి ఎడమ మోకాలు

పదమూడేళ్ల ఆటలో చంద్రమౌళి కొట్టిన గోల్స్ నాలుగు. వాటిలో ఒకటి సొంత జట్టు మీదే. ఆ సంగతి ఎవరూ అడగకముందే తనే చెప్పి నవ్వేవాడు.

నిరుడు వానకాలంలో డెంగీ జ్వరం తొమ్మిది రోజుల్లో అతన్ని తీసుకుపోయింది. ముప్పై ఏడేళ్లు. పరామర్శకు వచ్చినవాళ్లు కాశిబుగ్గ ఇంట్లో చాప మీద కూర్చుని, ఏం మాట్లాడాలో తోచక అతని ఆట గురించి అడిగేవాళ్లు. గోల్ కీపరేనా అని ఒకరు, ఎన్ని కప్పులు గెలిచాడని ఇంకొకరు. మిడ్‌ఫీల్డర్ అని అతని భార్య పద్మలత చెప్పేది. వాళ్లు తలూపి, టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. అంటే ఏమిటని ఒక్కరు అడిగినా ఆమె ఆ పూటంతా చెప్పి ఉండేది.

ఆమెకూ మొదట తెలియదు. పెళ్లయిన ఏడాదికి హైదరాబాద్‌లో ఒక మ్యాచ్‌కు తీసుకెళ్లాడు. తొంభై నిమిషాలు బంతి ఎటు పోతే అటు చూసి, మెడ నొప్పి పుట్టి, మొగుడు మైదానంలో ఎక్కడున్నాడో కూడా ఆమె కనిపెట్టలేకపోయింది. తిరుగు బస్సులో, నువ్వు గోల్ ఎందుకు కొట్టలేదని అడిగింది. అతనికి కోపం రాలేదు. "నేను కొట్టేటోన్ని గాదు పద్మా. కొట్టేటోనికి అందిచ్చేటోన్ని," అన్నాడు. ఈసారి బంతిని వదిలేసి తననే చూడమన్నాడు.

తర్వాతి మ్యాచ్‌లో అలాగే చూసింది. బంతి ఇంకా ఎక్కడో ఉండగానే అతను కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసేవాడు. ఎవరు ఎక్కడున్నారో ముందే తల్లోకి ఎక్కించుకునేవాడు. బంతి కాలికి తగలగానే దాన్ని ఎవరికివ్వాలో అప్పటికే తెలిసి ఉండేది. ఇచ్చేసి, ఖాళీగా ఉన్న ఇంకో చోటికి నడిచేవాడు. అందరూ గోల్ కొట్టినవాడి మీద పడి గంతులు వేస్తుంటే, మౌళి నడుం మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకుంటూ కనిపించేవాడు.

అతని తల్లి బక్కమ్మకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి తొడిమలు తీసే పని ఆమెది. పక్కన కూర్చున్న ఆడవాళ్లు అడిగితే, "మావోడు పెండ్లిల వడ్డించేటోడు. ఊరంత తిన్నంక తింటడు," అనేది. ఆ మాట విని మౌళి, తన కోచ్‌లలో ఒక్కడు కూడా ఇంత బాగా చెప్పలేదన్నాడు.

ఆట మొదలైంది కాజీపేట రైల్వే మైదానంలో. తండ్రి కట్టయ్య మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. మౌళి ఇంటర్‌లో ఉండగా పోయాడు. అప్పటికే పొద్దున్నే సైకిల్ తొక్కుకుంటూ కాజీపేట వెళ్లి, రాజేశ్వర్ రావు సార్ దగ్గర ఆడి, కాలేజీ వేళకు తిరిగి రావడం అలవాటు. సార్ రైల్వేలో గార్డుగా పనిచేసేవాడు, డ్యూటీ లేని పూట పిల్లలకు ఆట నేర్పేవాడు. పొడుగు లేదు, మరీ వేగం లేదు, కానీ కళ్లున్నాయని మౌళి గురించి అన్నాడు. పంతొమ్మిదేళ్లకు హైదరాబాద్‌లో ఒక ఆఫీసు జట్టు, తర్వాత కలకత్తాలో ఒక చిన్న క్లబ్బు, ఆ తర్వాత ముంబై, షిల్లాంగ్. ఎక్కడా ఏడాదికి మించి ఒప్పందం లేదు. ఏటా ఎండాకాలం ఒక బ్యాగుతో ఇంటికొచ్చేవాడు, రెండు నెలలుండి అదే బ్యాగుతో వెళ్లేవాడు. కూతురు అక్షర పుట్టినప్పుడు అస్సాంలో మ్యాచ్ ఆడుతున్నాడు. నాలుగో నెలలో వచ్చి ఎత్తుకుంటే పిల్ల కొత్త చెయ్యని ఏడ్చింది. ఆ రోజు అతను అన్నం సగంలో వదిలేశాడు.

మోకాలు దెబ్బతిన్నది షిల్లాంగ్‌లో. వానకు నానిన మైదానంలో పాదం అక్కడే ఉండిపోయి ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాలి గుజ్జు చిరిగింది. ఆ మాట బయటికొస్తే వచ్చే ఏటికి క్లబ్బు ఉండదు. ఐసు పెట్టి, పట్టీ చుట్టి, మాత్ర వేసుకుని ఆడాడు. పద్మలతకు ఒక్కదానికే చెప్పాడు. సెలవులకు వచ్చినప్పుడు కుంటడం చూసి తల్లి కనిపెట్టింది. వెంటనే సమ్మక్క సారలమ్మలకు మొక్కుకుంది: కొడుకు కాలు మంచిగైతే, జాతరకు అతని ఎత్తు బంగారం ఇస్తానని. మేడారంలో బంగారమంటే బెల్లమే. మనిషిని కాంటా మీద నిలబెట్టి, అంత తూకం బెల్లం ఆ తల్లులు కొలువుండే గద్దెల దగ్గర అర్పించాలి. కొన్నాళ్లకు ఆమె దిగులు చూడలేక మౌళి ఫోన్‌లో, మంచిగైంది అవ్వా, జర కూడా నొప్పి లేదు, ఫికర్ చెయ్యకన్నాడు. ఆమె నమ్మింది.

రెండువేల పదహారు జాతర దగ్గరపడింది. అదే నెలలో గోవాలోని ఒక క్లబ్బు నుంచి పిలుపొచ్చింది. రెండేళ్ల ఒప్పందం, కుటుంబంతో ఉండటానికి రెండు గదుల క్వార్టర్. జాతరైన వారానికి వచ్చి క్లబ్బు డాక్టరుకు చూపించుకోవాలి. ఆ డాక్టరు స్కానింగులు తీయడని, కాలు వంచి చూసి పరుగెత్తమంటాడని, మాత్ర వేసుకుంటే గట్టెక్కుతుందని మౌళికి తెలిసింది. పెళ్లయి ఆరేళ్లు. ఒక్క ఏడాదైనా ఒక్క కప్పు కింద ఉండలేదు. పద్మలత అప్పుడే అక్షర బట్టలు ఒక సంచిలో వేరుగా పెట్టింది. మోకాలి మాట ఆమె నోటి నుంచి ఎప్పటికీ రాదు.

జాతరకు నాలుగు రోజుల ముందు బక్కమ్మ ఇద్దరినీ వెంటబెట్టుకుని బీట్ బజార్‌లో పాండురంగం దుకాణానికి వెళ్లింది. ఆ వారమంతా ఆ వీధిలో ఏ దుకాణం ముందు చూసినా కాంటాలే, వాటి మీద మనుషులే. లావుగా ఉన్నవాడు ఎక్కితే వరుసలో ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. పాండురంగం మౌళిని చూసి, "మన ప్లేయర్ వచ్చిండు. ఒంటి మీద కండ తప్ప ఏం లేదు, నాకు లాభమే లేదు," అన్నాడు. బక్కమ్మ వరుసలో అందరికీ వినపడేలా, కాలు పోయిందనుకున్న కొడుకును తల్లులు ఎట్లా నిలబెట్టారో చెబుతోంది.

మౌళి చెప్పులు విడిచాడు. కుడి కాలు కాంటా మీద పెట్టాడు. ఎడమ కాలు పెట్టలేదు.

పద్మలత కళ్లతోనే ఎక్కమంది. అతను ఆమె వైపు చూసి, తల దించుకుని, కుడి కాలు కూడా తీసేశాడు.

"ఏందిరా, ఎక్కు," అంది బక్కమ్మ. "వెనుక జనం ఉన్నరు."

"కాలు మంచిగ కాలేదవ్వా," అన్నాడు మౌళి. "నీకు అబద్ధం చెప్పిన. కానిదానికి తల్లులకు ఎట్లిస్తం?"

అతనికి పూజల పట్టింపు పెద్దగా లేదు. గుడి ముందు నుంచి పోతూ చెయ్యెత్తి మొక్కేవాడు, అంతే. కానీ తీరని కోరికకు మొక్కు చెల్లించడమంటే, అందని బంతికి చప్పట్లు కొట్టించుకున్నట్టని తర్వాత పద్మలతతో అన్నాడు. ఆ క్షణంలో మాత్రం ఆమెకు ఒళ్లు మండింది. గోవా, రెండు గదులు, పిల్ల బట్టల సంచి అన్నీ ఆ కాంటా పక్కన జారిపోతున్నట్టు అనిపించింది.

బక్కమ్మ దుకాణం ముందు ఆ మట్టిలోనే కూలబడి, కొడుకు ప్యాంటు మడిచి, మోకాలి మీద చెయ్యి పెట్టింది. ఏళ్ల తరబడి మిర్చి ఘాటు ఇంకిన చెయ్యి అది. ఎంత కడిగినా ఆ మంట పోదు. అక్కడ నొక్కి ఇక్కడ నొక్కి, ఎక్కడ అతను బిగుసుకున్నాడో కనిపెట్టింది.

"ఎన్ని దినాల సంది?"

"పద్నాలుగు నెలలు."

"పద్మకు ఎరికేనా?"

పద్మలత అవునంది. అత్త ఆమె వైపు నుంచి తిరిగి, కొడుకునే అడిగింది. "నాకైతే ఇయ్యాల చెప్పినవ్. ఆ గోవోళ్లకు చెప్పినవా?"

"చెప్తే పిలువరవ్వా."

"చెప్పకుంట పోయి ఎన్ని దినాలు ఆడతవ్ బిడ్డా?"

మౌళి ప్యాంటు కిందికి దించుకుని, ఆమెను చెయ్యి పట్టి లేపాడు. పాండురంగం వాళ్లను లోపలికి పిలిచి బెల్లం బస్తాల మీద కూర్చోబెట్టాడు, ఛాయ్ తెప్పించాడు. జాతర రెండేండ్లకోసారి వస్తనే ఉంటది, తల్లులు యాడికి పోతరక్కా అన్నాడు. ఆ బస్తాల మీద కూర్చునే మౌళి గోవాకు ఫోన్ చేశాడు. హిందీలో, తడబడుతూ, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అవతలి మేనేజరు మంచివాడే. చెప్పినందుకు సంతోషమన్నాడు. స్కాన్ తీయించి పంపమన్నాడు. పంపిన మూడో రోజు, ఒప్పందం కుదరదని, ఆపరేషన్ చేయించుకోమని కబురొచ్చింది.

కబురొచ్చిన రాత్రి పద్మలత అతనితో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. మూడో రోజు బట్టల సంచి విప్పి, అక్షర గౌన్లు మళ్లీ బీరువాలో సర్దుతుంటే, మౌళి వచ్చి పక్కన కూర్చుని ఒక్కొక్కటే మడత పెట్టి అందించాడు. మడత సరిగా పెట్టడం రాదు. ఆమె వాటిని మళ్లీ మడిచింది. అట్లా మాటలు కలిశాయి.

రాజేశ్వర్ రావు సార్ తెలిసిన డాక్టరుతో మాట్లాడి హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేయించాడు. ఎనిమిది నెలలు మౌళి ఇంట్లోనే ఉన్నాడు. అన్ని నెలలు ఒక్క చోట ఉండటం పెళ్లయ్యాక అదే మొదలు. అక్షరను బడిలో చేర్పించింది అతనే. కర్ర పట్టుకుని నడుస్తూ వెళ్లి దింపేవాడు. పద్మలతకు పప్పులోకి తాలింపు వేయడం నేర్పబోయి తిట్లు తిన్నాడు. మధ్యాహ్నాలు తల్లికి కాళ్లు పట్టేవాడు. ఆమె వద్దంటూనే కాళ్లు చాపేది. గోవాలో రెండు గదులు ఉంటే ఉండేవేమో గానీ, వాటిలో బక్కమ్మ ఉండేది కాదు. అది పద్మలతకు చాలా తర్వాత తట్టింది.

మరుసటి ఏడు మళ్లీ ఆడాడు. పెద్ద క్లబ్బులు కావు, రెండో డివిజన్‌లో ముంబై జట్టు ఒకటి. ఎక్కువ మ్యాచ్‌లు సగం ఆట అయ్యాక దిగేవాడు. షిల్లాంగ్ దెబ్బ తర్వాత మాత్ర లేకుండా ఆడినవి ఆ రెండు సీజన్లే. తన ఆటంతటిలో మంచి ఆట అదేనని అతని లెక్క. కొట్టిన మూడు గోల్స్‌లో ఒకటి అప్పటిదే. దాని గురించి అడిగితే మాత్రం, అది తనకు అందించినవాడి గొప్ప అనేవాడు. ఆ తర్వాత హన్మకొండలో పిల్లలకు నేర్పాడు, జ్వరం వచ్చే వారం దాకా.

రెండువేల పద్దెనిమిది జాతరకు మళ్లీ ముగ్గురూ బీట్ బజార్ వెళ్లారు. అదే దుకాణం, అంతే పొడుగు వరుస. మౌళి అప్పటికి కొంచెం ఒళ్లు చేశాడు. ఆగినందుకు నాకు లాభమే వచ్చిందని పాండురంగం నవ్వాడు. మౌళి చెప్పులు విడిచి కాంటా వైపు నడిస్తే బక్కమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ మాట నేను నమ్మ. గుంజీలు తియ్యి."

"ఈడనా అవ్వా? ఇంతమందిల?"

"ఇంతమందిలనే గద అప్పుడు చెప్పింది. తియ్యి."

వరుసలో ఉన్నవాళ్లు పక్కకు జరిగి చోటిచ్చారు. ముప్పై ఒక్కేళ్ల మనిషి, ఆరు రాష్ట్రాల మైదానాల్లో ఆడినవాడు, బజారు నడుమ రెండు చెవులూ పట్టుకుని కూర్చుని లేచాడు. జనం లెక్కపెడుతున్నారు. పద్మలత చూపు అతని ఎడమ మోకాలి మీదే ఉంది. అత్త వైపు చూస్తే, ఆమె మోకాలి వైపు చూడటమే లేదు. కిందికి వెళ్లినప్పుడు, పైకి లేచినప్పుడు, కొడుకు మొఖంలో ఏదైనా దాచుకుంటున్నాడేమోనని కళ్లార్పకుండా వెతుకుతోంది. దొరకలేదు.

ఎనిమిదో గుంజీకి చెయ్యెత్తి ఆపింది. "సాలు బిడ్డా. ఎక్కు," అన్నది.